కారవాన్‌లో బంక్ బెడ్ ఎక్కడం, దిగడం సులువు చేయడం ఎలా?

కారవాన్‌లోకి, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇంటి బండిలోకి అడుగుపెట్టగానే పిల్లల కళ్లు పై బంక్ మీదే, ఒకదాని పైన ఒకటి ఉండే పడకల్లో పైదాని మీదే పడతాయి. పగలంతా సరదాగా ఎక్కుతారు, దిగుతారు. ఆ హుషారు చూస్తే నిచ్చెన ఎలా ఉన్నా సరిపోతుందనిపిస్తుంది. దాని సంగతి తేలేది రాత్రి రెండింటికి. బాత్రూమ్‌కి వెళ్లాలని లేచిన పిల్లవాడు సగం నిద్రలో, చీకట్లో, కాలితో మెట్టు తడుముకుంటూ దిగాలి. కింద నేల మీద ఎవరివో బూట్లు, ఒక బ్యాగు ఉంటాయి. బంక్‌కు దారి ఏర్పాటు చేసేటప్పుడు ఇలా నిద్రమత్తులో దిగడాన్నే మనసులో పెట్టుకోండి. అప్పుడు సురక్షితంగా దిగగలిగితే మిగతా వేళల్లో ఎక్కడం, దిగడం వాటంతట అవే సులువవుతాయి.

1. పైన ఎవరు, కింద ఎవరు?

ఆరేళ్లలోపు పిల్లల్ని పై బంక్‌లో పడుకోబెట్టకూడదు. ఇళ్లలో వాడే బంక్ బెడ్ల విషయంలో అమెరికా, యూరప్ భద్రతా నియమాలు రెండూ ఈ మాటే చెబుతున్నాయి. కారవాన్‌లో చోటు ఇంకా ఇరుకు కాబట్టి ఇక్కడ దీన్ని సడలించడానికి కారణమేమీ లేదు.

వయసొక్కటే చూస్తే సరిపోదు. రాత్రి తరచుగా లేచేవాళ్లు, నిద్రలో నడిచే అలవాటున్నవాళ్లు, ప్రయాణంలో కడుపు తిప్పేవాళ్లు పెద్ద పిల్లలైనా కింది బెర్త్‌కే సరి. బంక్ ఎంత బరువు మోస్తుందో దాని మీది లేబుల్‌లో గానీ, కారవాన్ మాన్యువల్‌లో గానీ ఉంటుంది. చాలా బంక్‌లు ఒక పిల్లవాడి బరువుకే తయారవుతాయి. కథ చెప్పడానికి నాన్న కూడా పైకెక్కితే ఆ పరిమితి దాటిపోవచ్చు. కథ కింద నిలబడి చెప్పినా పిల్లలు వింటారు.

2. టేపు తీసి కొలవండి

నిచ్చెన కొనేముందు నాలుగు కొలతలు రాసుకోండి: నేల నుంచి పై పరుపు ఉపరితలం దాకా ఎత్తు, ఆ పరుపు నుంచి పైకప్పు దాకా ఖాళీ, బంక్ ముందున్న నడవ వెడల్పు, నిచ్చెన తగిలించే అంచు మందం. తర్వాత నిచ్చెన కాళ్లు ఆనే చోట నేల మీద మాస్కింగ్ టేపు అంటించి బాత్రూమ్ తలుపు, అల్మారా తలుపు, కింది సొరుగులు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. రాత్రి తెరిచే తలుపు ఏదైనా ఆ టేపుకు తగిలితే నిచ్చెన చోటు మార్చాల్సిందే.

పరుపు మందం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలామంది తప్పటడుగు వేసేది అక్కడే. పిల్లలకు మెత్తగా ఉంటుందని ఇంకో పరుపు వేస్తే పక్కనున్న అడ్డు కడ్డీ ఎత్తు ఆ మేరకు తగ్గిపోతుంది, తల పైన ఖాళీ కూడా తగ్గుతుంది. మెత్తదనం కావాలంటే పాత పరుపు తీసేసి అంతే మందమున్న మంచి ఫోమ్ వేయండి.

3. నిచ్చెన

కారవాన్లతో వచ్చేది ఎక్కువగా సన్నటి అల్యూమినియం గొట్టాల నిచ్చెన. తేలిక, మడిచి పెట్టుకోవచ్చు. కానీ ఆ గుండ్రటి గొట్టం మీద ఉత్త కాళ్లతో నిలబడితే అరికాలు నొప్పి పుడుతుంది. నొప్పి తప్పించుకోవడానికి పిల్లలు చివరి రెండు మెట్లు దిగకుండా దూకేస్తారు. కాబట్టి చదునైన, పాదం ముందు భాగమంతా ఆనే మెట్లున్న నిచ్చెనే ఎంచుకోండి. ఉన్నదాన్నే వాడాలంటే ప్రతి గొట్టం మీదా చదునైన ప్లైవుడ్ మెట్టు గట్టిగా బిగించి, అంచులు నున్నగా చేసి, పైన జారని టేపు అంటించండి. గొట్టానికి మెత్తటి ఫోమ్ చుట్టడం నాకు నచ్చదు. పాదం కింద అది గుండ్రంగా తిరుగుతుంది, కొన్నాళ్లకు చిరుగుతుంది.

మెట్ల మధ్య దూరం అన్నిటికీ ఒకేలా ఉండాలి. దాదాపు 25 సెంటీమీటర్లయితే పిల్లల కాళ్లకు వీలుగా ఉంటుంది. చీకట్లో కాలు దూరాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఒక్క మెట్టు మాత్రం ఎక్కువ దూరంలో ఉంటే అక్కడే తడబడుతుంది. నేలకూ మొదటి మెట్టుకూ మధ్య కూడా ఇదే లెక్క.

వాలు సంగతి. మామూలు నిచ్చెనలకు చెప్పే సూత్రం నాలుగుకి ఒకటి: 120 సెంటీమీటర్ల ఎత్తుకు నిచ్చెన కింది భాగం 30 సెంటీమీటర్లు ముందుకు రావాలి. ఇరుకు నడవలో అంత చోటు దొరక్కపోవచ్చు. నిచ్చెన నిటారుగా పెట్టక తప్పకపోతే పైన కొక్కేలు అంచును వదులు లేకుండా పట్టుకోవాలి, ఊడి పైకి లేవకుండా ఒక పిన్నో స్ట్రాపో ఉండాలి. కింద కాళ్లకు రబ్బరు బుడిపెలు తప్పనిసరి, ఎందుకంటే కారవాన్ నేల వినైల్ కొంచెం తడి తగిలినా జారుతుంది.

నిచ్చెనను బంక్‌కు ఏ వైపు పెట్టాలి? కాళ్ల వైపు. దిండు అవతలి కొసన ఉంటుంది కాబట్టి నిచ్చెన కోసం వదిలిన ఖాళీ భుజాలకు, నడుముకు దూరంగా ఉంటుంది. దొర్లినా ఆ ఖాళీలోంచి పడే ప్రమాదం తగ్గుతుంది. కింది బెర్త్‌లో పడుకున్నవాళ్లు లేచి బయటికి రావడానికి కూడా అడ్డు ఉండదు.

నిచ్చెన అసలే ఇమడకపోతే వేరే దారులున్నాయి. బంక్ చివర ఉన్న అల్మారా పక్కగోడలో పాదం పట్టేంత గూళ్లు చేయించవచ్చు. గోడకు మడిచే మెట్లు బిగించవచ్చు. కింద బట్టల పెట్టెలుగా పనికొచ్చే మెట్ల వరస పెట్టవచ్చు. చోటుంటే నా ఓటు ఈ పెట్టె మెట్లకే, సామాను కూడా సర్దుకుపోతుంది కాబట్టి. వాటిని నేలకు గానీ పక్క ఫర్నిచర్‌కు గానీ గట్టిగా బిగించాలి.

4. పట్టుకోవడానికి ఒక పిడి

నిచ్చెన మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా పిడి మీద పెట్టరు. పైనుంచి దిగేటప్పుడు మొదటి కాలు కిందికి దించే క్షణంలో చేతికి ఏం దొరుకుతుంది? చాలా కారవాన్లలో పరుపు అంచు, దుప్పటి, అంతే. దుప్పటి జారితే పిల్లవాడూ జారతాడు. నిచ్చెన పక్క గొట్టాలు పరుపు కంటే పైకి లేచి ఉంటే మంచిది. లేకపోతే నిచ్చెన పక్కనే పరుపు కంటే ఎత్తులో నిలువుగా ఒక పిడి పెట్టండి. పిల్లల చేతి పిడికిలి పూర్తిగా మూసుకునేంత సన్నంగా, మూడు సెంటీమీటర్ల మందం దాకా ఉంటే చాలు.

5. గోడకు బిగించేముందు ఆగండి

కారవాన్ గోడ ఇంటి గోడలా కాదు. చాలావాటిలో లోపల 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, మధ్యలో ఫోమ్, బయట అల్యూమినియం లేదా ఫైబర్ రేకు ఉంటాయి. ఆ పలచటి పలకలో వేసిన స్క్రూ గోడ పటాన్ని మోస్తుందేమో గానీ, దాని మీద వేలాడే పిల్లవాడి బరువును మోయదు. లోపల చెక్క ఫ్రేమ్ ఎక్కడుందో కనుక్కొని దానికే బిగించాలి. అంతకన్నా మంచి మార్గం, గోడ జోలికి పోకుండా బంక్ ఫ్రేమ్‌కే ఈ వైపు నుంచి ఆ వైపు దాకా వెళ్లే బోల్ట్ వేసి వెనక వెడల్పాటి పట్టీతో బిగించడం.

డ్రిల్ చేసేముందు అవతల కరెంటు వైర్లు, నీటి గొట్టాలు, గ్యాస్ పైపు లేవని ఖాయం చేసుకోండి. డ్రిల్ బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుంటే బయటి రేకుకు రంధ్రం పడదు. అక్కడ రంధ్రం పడితే వాన నీరు లోపలికి దిగి, పైకి కనపడకుండానే చెక్కను కుళ్లబెడుతుంది. అనుమానం ఉంటే ఈ ఒక్క పనీ కారవాన్ మెకానిక్‌కు అప్పగించండి.

6. అడ్డు కడ్డీ, ఖాళీలు

అమెరికాలో ఇంటి బంక్ బెడ్లకు 2000 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం అడ్డు కడ్డీ పరుపు పైకి కనీసం 5 అంగుళాలు ఉండాలి. యూరప్ ప్రమాణం 16 సెంటీమీటర్లు అడుగుతుంది. పెద్ద కొలతనే పాటించండి. పిల్లల శరీరం దూరి తల మాత్రం ఇరుక్కుపోయే సందులు మరీ ప్రమాదం, కాబట్టి ఏ సందూ 9 సెంటీమీటర్లకు మించకూడదు. యూరప్ ప్రమాణంలో ఈ హద్దు ఇంకా తక్కువ. పరుపుకూ గోడకూ మధ్య సందు ఉంటే ఫోమ్ ముక్కతో గట్టిగా నింపండి.

కొందరు కడ్డీ బదులు వల కడతారు. వల మంచిదే, కానీ పిల్లవాడు లోపలి నుంచి ఒక్క చేత్తో విప్పుకోగలగాలి. ముడులు వేయకండి, క్లిప్పులు వాడండి. బంక్ దగ్గర తాళ్లు, చున్నీలు, పొడవాటి ఛార్జర్ వైర్లు వేలాడదీయవద్దు. అవి మెడకు చుట్టుకోగలవు.

7. వెలుతురు

తల పైన పెద్ద లైటు వేస్తే అందరూ లేస్తారు. మెట్ల కింది భాగంలో, నేలకు దగ్గరగా, కదలికకు వెలిగే చిన్న ఎల్‌ఈడీ పెట్టండి. పసుపు రంగు మసక వెలుతురు చాలు. అది పాదం మీద పడాలి, కంట్లో కాదు. మెట్ల అంచులకు చీకట్లో మెరిసే టేపు అంటిస్తే పైనుంచి చూసినా మెట్లు కనపడతాయి. బంక్‌లో చేతికి అందేలా ఇంకో చిన్న లైటు ఉంటే పిల్లలు దాన్ని వెలిగించుకునే కదులుతారు.

8. దిగే అవసరాన్నే తగ్గించండి

నీళ్ల సీసా, కళ్లజోడు, పుస్తకం, టార్చ్, ముక్కు తుడుచుకునే కాగితాలు పెట్టుకోవడానికి బంక్ గోడకు గుడ్డ జేబులు తగిలించండి. పడుకునేముందు బాత్రూమ్‌కి తప్పకుండా పంపండి. దుప్పటి బదులు స్లీపింగ్ బ్యాగ్ వాడితే అది కింద పడదు, పొద్దున్నే ఆ ఇరుకులో పక్క సర్దే తిప్పలూ తగ్గుతాయి. అయితే దిగేముందు అందులోంచి పూర్తిగా బయటికి రావాలని గట్టిగా చెప్పండి. పక్క జిప్ కింది దాకా తెరుచుకునే రకమైతే మేలు.

9. దిగడం నేర్పండి

ఇంత చేసినా, పిల్లలు ముఖం బయటికి పెట్టి దిగితే ఫలితం ఉండదు. తల పైన ఖాళీ తక్కువ కాబట్టి కూర్చుని తిరగడం కుదరదు. బోర్లా తిరగాలి, పిడి పట్టుకోవాలి, కాళ్లు ముందు దించాలి, నిచ్చెన వైపు ముఖం పెట్టి దిగాలి. ముందు పగలు, తర్వాత లైట్లు ఆర్పి సాధన చేయించండి. కింద మీరు నిలబడి చూడండి, చెయ్యి అందించకండి. మీ చెయ్యి లేనిదే దిగలేకపోతున్నారంటే ఇంకా కింది బెర్త్‌లోనే పడుకోనివ్వాలి.

ఇదే సాధనలో నిప్పు అంటుకుంటే ఏం చేయాలో కూడా చెప్పండి. పొగ అలారం మోగగానే సామాను వదిలేసి దిగాలి, తలుపు దారి మూసుకుపోతే ఏ కిటికీ తెరవాలో తెలియాలి. ఆ కిటికీ గొళ్లెం పిల్లలే తీసి చూపించాలి. దానికి అడ్డంగా సామాను పెట్టవద్దు. పొగ అలారంతో పాటు, వాసన రాని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం కూడా పని చేస్తోందో లేదో ప్రతి ప్రయాణానికి ముందు నొక్కి చూడండి.

10. ఆపిన చోట, కదిలే ముందు

కారవాన్ ఆపగానే నేల సమంగా ఉండేలా సర్ది, నాలుగు మూలల సపోర్ట్ కాళ్లు దించండి. అవి దించకపోతే పిల్లవాడు మెట్టెక్కిన ప్రతిసారీ బండి ఊగుతుంది. నేల ఒక పక్కకు వాలితే నిచ్చెన కూడా పక్కకు లాగుతుంది. పడుకునేముందు నిచ్చెన కింద నేల ఖాళీ చేయండి. బూట్లకు తలుపు దగ్గర ఒక బుట్ట పెడితే గొడవ తీరుతుంది.

కదిలేముందు నిచ్చెన తీసి కింది బెర్త్ మీద పడుకోబెట్టి స్ట్రాప్‌తో కట్టండి. వదులుగా ఉంటే సడన్ బ్రేక్‌కు అది ముందుకు దూసుకొస్తుంది. బండి నడుస్తుండగా కారవాన్‌లో, బంక్‌లో ఎవరూ ఉండకూడదు. రోడ్డు కుదుపులకు స్క్రూలు వదులవుతాయి కాబట్టి గమ్యం చేరాక పిల్లలు ఎక్కేలోపు కొక్కేలు, పిడి, అడ్డు కడ్డీ చేత్తో గట్టిగా లాగి చూసి, వదులైనవి బిగించండి.