లినక్స్ ఫోన్‌లో ఛార్జింగ్ ఎక్కడ పోతోందో పట్టుకోవడం ఎలా

పైన్‌ఫోన్, లిబ్రెమ్ 5 లాంటి లినక్స్ ఫోన్లు వాడేవాళ్ళు, లేదా పాత ఫోన్‌లో పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే లినక్స్ వేసుకున్నవాళ్ళు చాలామంది ఛార్జింగ్ నిలవట్లేదు అనగానే బ్రైట్‌నెస్ తగ్గించేసి బ్లూటూత్ ఆపేస్తారు, అలా చేస్తే అసలు కారణం ఎప్పటికీ తెలీదు. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఫోన్ వాడేటప్పుడు దిగుతోందా, పక్కన పెట్టేశాక దిగుతోందా.

రాత్రి ఛార్జర్ తీసేసి పర్సంటేజ్, టైమ్ రాసుకోండి, పొద్దున మళ్ళీ చూడండి. 3000 ఎంఏహెచ్ బ్యాటరీలో 8 గంటలకి 40 శాతం పోయిందంటే 1200 ఎంఏహెచ్, అంటే సగటున 150 మిల్లీయాంప్స్ లాగుతూనే ఉంది. నిజంగా సస్పెండ్‌లో, అంటే ప్రాసెసర్ ఆగిపోయి నిద్రలో, ఉన్న ఫోన్ మామూలుగా అంత లాగదండీ, కాబట్టి బహుశా అది నిద్రే పోవట్లేదు, లేదా పడుకున్నట్టే పడుకుని మాటిమాటికీ లేస్తోంది.

ఈ రెండిట్లో ఏదన్నది కెర్నల్ లాగ్‌లోనే, అంటే లినక్స్ మూల ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాలోనే, ఉంటుంది. సస్పెండ్ ఎంట్రీ, సస్పెండ్ ఎగ్జిట్ అనే లైన్లు వెతకండి. ఎంట్రీ అసలు లేదంటే ఏదో ప్రోగ్రామ్ అడ్డం పడుతుండొచ్చు, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ మీ ఫోన్‌లో ఉంటే ఇన్‌హిబిటర్ల (నిద్రని ఆపే ప్రోగ్రామ్‌ల) లిస్ట్ తీయండి, ఎవరు ఆపుతున్నారో పేరుతో సహా చూపిస్తుంది. ఎంట్రీ పడి వెంటనే ఎర్రర్ వచ్చిందంటే డ్రైవర్ గొడవ, ఏ డివైస్ ఫెయిలైందో చాలాసార్లు ఆ పక్క లైన్లలోనే ఉంటుంది. ఎంట్రీ, ఎగ్జిట్ జంటలు రెండు మూడు నిమిషాలకోసారి పడుతున్నాయంటే ఎవరో లేపుతున్నారు, రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) డీబగ్‌ఎఫ్ఎస్ అనే కెర్నల్ ఫోల్డర్‌లో, ఫోన్‌ని ఏవి లేపాయో లెక్కపెట్టే వేకప్ సోర్సెస్ ఫైల్ రాత్రి ఒకసారి పొద్దున ఒకసారి సేవ్ చేసి పోల్చండి, ఏ కౌంట్ బాగా పెరిగిందో ముందు దాన్నే అనుమానించండి.

నేనైతే ముందు మోడెమ్‌నే, అంటే సిమ్ నెట్‌వర్క్ నడిపే భాగాన్నే, అనుమానిస్తా. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట అది టవర్ కోసం వెతుక్కుంటూ ఎక్కువ కరెంట్ తింటుంది, పైగా ప్రాసెసర్‌ని కూడా లేపుతుంది. పైన్‌ఫోన్‌లో వెనక మూత తీస్తే చిన్న స్విచ్‌ల వరస ఉంటుంది, అందులో మొదటిది మోడెమ్‌ది, లిబ్రెమ్ 5కి అయితే ఆ స్విచ్ ఫోన్ అంచు మీద బయటికే ఉంటుంది. ఒక రాత్రి అది ఆపి చూడండి, తేడా బాగా కనిపిస్తే సగం పని అయినట్టే. పైన్‌ఫోన్‌లో ఇంకోటి, డీప్ స్లీప్‌కి (పూర్తి నిద్రకి) క్రస్ట్ అనే ఫర్మ్‌వేర్ కావాలి, అది లేని ఓఎస్ ఇమేజ్ వేసుకుంటే ఎన్ని సెట్టింగులు మార్చినా లాభం లేదు.

వాడేటప్పుడే దిగుతుంటే ఇంకా తేలిక, నడుస్తున్న ప్రోగ్రామ్‌లని చూపించే హెచ్‌టాప్‌లో సీపీయూ తింటున్నది చూడండి, ఫైళ్ళు ఇండెక్స్ చేసే ట్రాకర్ (ఇప్పటి పేరు లోకల్‌సెర్చ్) లాంటివి తరచూ దొరుకుతాయి, తర్వాత కరెంట్ ఖర్చుని చూపించే పవర్‌టాప్ చూడండి. బ్యాటరీ డ్రైవర్ ఇచ్చే కరెంట్ నౌ విలువ (ఆ క్షణంలో పారుతున్న కరెంట్) మైక్రోయాంప్స్‌లో ఉంటుంది, 1000తో భాగిస్తే మిల్లీయాంప్స్, కానీ యూఎస్‌బీ కేబుల్ పెట్టి చూస్తే ఛార్జింగ్ కలిసిపోయి ఆ అంకె పనికిరాదు, వేరే కంప్యూటర్ నుంచి వైఫై మీద ఫోన్‌లోకి లాగిన్ అయి చూస్తే వైఫై ఖర్చు కూడా అందులో కలుస్తుందని గుర్తుంచుకోండి.

ఒక్కో రాత్రికి ఒక్కటే మార్చండి. కారణం దొరికాక బగ్ రిపోర్ట్ రాస్తే కెర్నల్ వెర్షన్, ఆ లాగ్ ముక్క, రెండు పర్సంటేజ్‌లు, మధ్యలో ఎన్ని గంటలో తప్పకుండా పెట్టండి, ఊరికే బ్యాటరీ దిగిపోతోంది అని రాస్తే డెవలపర్ ఏమీ చేయలేడు.