కంప్యూటర్ లెక్కలు – 4వ పాఠం: సీడీలో ఎన్ని బైట్లు పడతాయి?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకి ముందు జవాబు చూసేద్దాం. 'విజయవాడ' అని టైపు చేసి యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా మార్చే ఒక పద్ధతి) సేవ్ చేస్తే ఎన్ని బైట్లు? కంటికి ఐదక్షరాలే. కానీ గుడి, దీర్ఘం కంప్యూటర్‌కి విడి గుర్తులు. వ, గుడి, జ, య, వ, దీర్ఘం, డ. మొత్తం ఏడు. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడేసి బైట్లు కాబట్టి 21. 'గుంటూరు'కి కూడా సరిగ్గా 21 బైట్లే. నమ్మకం లేకపోతే కొమ్ములూ సున్నా కలిపి లెక్కపెట్టుకోండి. ఈ ఒక్క విషయంలో రెండు ఊళ్లకీ పేచీ లేదు.

ఇవాళ సీడీ సంగతి. ఇప్పుడు సీడీలు ఎవరు వాడుతున్నారండీ అంటారా? నిజమే, కొత్త ల్యాప్‌టాప్‌లలో వాటికి డ్రైవే ఉండట్లేదు. కానీ పోటీ పరీక్షల కంప్యూటర్ ప్రశ్నల్లో సీడీ ఇంకా బతికే ఉంది. పైగా కెపాసిటీ లెక్క నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి వస్తువు లేదని నా అభిప్రాయం. మొదట్నుంచీ చివరిదాకా అంకెలు శేషం లేకుండా తెగుతాయి.

బీరువాలో పాత పెళ్లి సీడీ ఉంటే తీయండి. ఏ అరండల్‌పేట స్టూడియోవాళ్లో మార్కర్ పెన్నుతో 'పార్ట్-2' అని రాసి ఇచ్చి ఉంటారు. ఆ రాత పక్కనే కంపెనీ అచ్చువేసిన రెండు అంకెలుంటాయి: 700 ఎంబీ, 80 నిమిషాలు. మొదటిదాన్ని కాసేపు మర్చిపోండి. అసలు కథంతా రెండోదాంట్లో ఉంది.

ఫిలిప్స్, సోనీ కలిసి తయారుచేసిన సీడీ 1982లో మార్కెట్లోకి వచ్చింది, అదీ పాటల కోసం. అందుకే కొలత నిమిషాల్లో. పాటని రికార్డు చేసేటప్పుడు సెకనుకి 44,100 సార్లు శబ్దం కొలుస్తారు. ఒక్కో కొలతకి 16 బిట్లు, అంటే 2 బైట్లు. ఎడమ ఒకటి, కుడి ఒకటి, రెండు ఛానళ్లు.

44,100 × 2 × 2 = 1,76,400 బైట్లు

ఇది ఒక్క సెకను పాట. డిస్క్ మీద ఈ సెకనుని 75 ముక్కలు చేస్తారు. ముక్కని సెక్టార్ అంటారు. భాగించి చూడండి, సెక్టార్‌కి 2,352 బైట్లు వస్తాయి.

పాటలో ఒకటీ అరా బైట్ పాడైనా ప్లేయర్ పక్కవాటిని చూసి సర్దేస్తుంది, చెవికి తెలియదు. ఫైల్‌తో అలా కుదరదు. మార్కుల జాబితాలో ఒక్క అంకె మారినా కొంప మునుగుతుంది. అందుకని డేటా సీడీలో ప్రతి సెక్టార్ నుంచీ 304 బైట్లు కాపలాకి పోతాయి. సెక్టార్ మొదలు గుర్తించడానికి 12, చిరునామాకి 4, తప్పు పట్టుకోవడానికి 4, ఖాళీగా 8. మిగతా 276 తప్పు దిద్దడానికే. మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) కాటా వేశాక గోనె బరువు తీసేసినట్టే ఇదీ. మనకి దక్కే నికరం 2,048 బైట్లు. 1,024 బైట్లు ఒక కేబీ అనుకుంటే కచ్చితంగా 2 కేబీ.

ఇక గుణించడమే:

80 × 60 × 75 = 3,60,000 సెక్టార్లు
3,60,000 × 2,048 = 73,72,80,000 బైట్లు
73,72,80,000 × 8 = 589,82,40,000 బిట్లు

బైట్లని 1,024తో భాగిస్తే 7,20,000 కేబీ. ఇంకోసారి భాగిస్తే 703.125 ఎంబీ. డిస్క్ మీది 700 అలా గుండ్రం చేసిన అంకె. అదే 1,000తో రెండుసార్లు భాగిస్తే 737.28 వస్తుంది. డిస్క్ అదే, బైట్లు అవే.

సీడీ కంపెనీలు 1,024 లెక్క పట్టుకున్నాయి. డీవీడీ, పెన్ డ్రైవ్ కంపెనీలు 1,000 లెక్క పట్టుకున్నాయి. విండోస్ మాత్రం దేన్నయినా 1,024తోనే భాగిస్తుంది. అందుకే బీసెంట్ రోడ్డులో 16 జీబీ పెన్ డ్రైవ్ కొనుక్కొచ్చి పెడితే 14.9 అని చూపిస్తుంది. షాపువాడితో తగువు పెట్టుకోకండి, 1,600 కోట్ల బైట్లూ అందులోనే ఉన్నాయి. ఈ గందరగోళం పోగొట్టాలని ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లో 1,024 లెక్కకి కిబీబైట్, మెబీబైట్ అని వేరే పేర్లు పెట్టింది. పేర్లు బాగానే ఉన్నాయి గానీ బజార్లో ఎవరూ అనరు.

పరీక్షలో '700 ఎంబీ సీడీలో ఎన్ని బైట్లు?' అని అడిగితే సెక్టార్ల దాకా పోవద్దు. 700 × 1,024 × 1,024, అంటే 73,40,03,200. బిట్లు కావాలంటే ఎనిమిదితో గుణించండి. ఆప్షన్లలో 70,00,00,000 కూడా కనిపిస్తే టెన్షన్ పడకుండా, 1 ఎంబీ అంటే ఎంత తీసుకోమన్నారో ప్రశ్నలో మళ్లీ చదవండి. ఏమీ చెప్పకపోతే ఇలాంటి పరీక్షల్లో ఎక్కువగా నడిచేది 1,024 లెక్కే.

వచ్చే పాఠానికి రెండు లెక్కలు. మొదటిది, పాతరకం 74 నిమిషాల డేటా సీడీలో ఎన్ని ఎంబీ? 650 దాటి కొంచెం రావాలి. రెండోది మీ చేతిలో ఉన్న పెళ్లి సీడీ గురించి. అది వీడియో సీడీ అయితే సెక్టార్‌కి 2,048 కాదు, 2,324 బైట్ల వీడియో పడుతుంది. 80 నిమిషాలకి ఎన్ని ఎంబీ అయిందో కట్టి, బైట్లు అంత పెరిగినా మూడు గంటల పెళ్లికి మూడు సీడీలు ఎందుకు కావాల్సొచ్చిందో రాయండి.