ఉయ్యాల పిన్ను ఊడినా, వాకర్ చక్రం విరిగినా: షాపుకి వెళ్ళే ముందు జాగ్రత్తలు

పిల్లల సామానులో తేడా కనిపిస్తే మన ఇళ్ళల్లో జరిగేవి రెండే. "పోన్లే, జాగ్రత్తగా వాడుకుందాం" అని దానికో గుడ్డపీలిక కట్టి అలాగే వాడేస్తాం. లేదంటే కోపంగా సంచిలో పడేసుకుని, విజయవాడలో అయితే బీసెంట్ రోడ్డుకో, గుంటూరు వాళ్ళయితే పట్నంబజారుకో వెళ్ళి, షాపులో నాలుగు కేకలేసి, ఇంకోటి మార్చుకుని వచ్చేస్తాం. మొదటిది ఎలాగూ తప్పే. రెండోది సగం పని. ఎందుకంటే మీరు ఇచ్చేసిన పీసు ఎక్కడికి పోతుందో మీకు తెలీదు, తుడిచి మళ్ళీ డబ్బాలో పెట్టరని నమ్మకమేమీ లేదు, అదే లాటులో వచ్చిన మిగతా పీసులు ఎలాగూ ర్యాకులో అలాగే ఉంటాయి. కాబట్టి మీరు వెళ్ళేది మీ డబ్బుల కోసమే అయినా, ఆ సరుకు ఇంకో ఇంటికి వెళ్ళకుండా ఆపించడం కూడా అదే ప్రయాణంలో చూసుకోండి.

ముందు వాడకం ఆపండి. "ఇవాళ్టికి పడుకోబెట్టేసి రేపు చూద్దాం" అనొద్దు. ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పండి, మీరు ఆఫీసుకి వెళ్ళగానే అమ్మమ్మ పాపని అందులోనే వేసి ఊపుతూ ఉంటుంది, ఆవిడ తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదంతే.

తర్వాత రిపేరు చేయొద్దు. ఇది చాలామందికి మింగుడుపడదు. మగవాళ్ళు ఇంట్లో ఉంటే చాలు, తీగ చుట్టేస్తారు, ఫెవిక్విక్ పూసేస్తారు. అలా చేస్తే షాపువాళ్ళు చూడగానే "మీరే విప్పారు కదండీ" అంటారు, అక్కడితో మీ మాట చెల్లదు. మా వదిన వాళ్ళింటికి బారసాలకి ఒక మడత ఉయ్యాల వచ్చింది. ఇనప గొట్టాల స్టాండు, రెండు కాళ్ళనీ పైన కలిపి పట్టుకునేది ఒక్కటే పిన్ను, ఆ పిన్ను బయటికి రాకుండా చివర చిన్న నల్ల ప్లాస్టిక్ టోపీ. ఊపగా ఊపగా ఆ టోపీ వదులై చాప మీద పడింది. బాబుని తీసేసి ఖాళీ ఉయ్యాల ఊపి చూస్తే, కాసేపటికే పిన్ను ఒక పక్కకి జరిగి వేలెడంత బయటికి వచ్చేసింది. ఇంకాస్త ఊపితే స్టాండు ఒరిగిపోయేదే. పైగా ఆ టోపీ శనగ గింజంత ఉంది, పాకే పిల్లాడికి దొరికితే నేరుగా నోట్లోకే. షాపులో మొదటి మాట ఏంటంటే, "బరువెక్కువ వేసుంటారు." డబ్బా మీద పదిహేను కిలోల వరకు అని రాసుంది, బాబు ఆరు కిలోలు. డబ్బా ఉంది కాబట్టి ఆ వాదన అక్కడే ఆగిపోయింది, పిన్ను జరుగుతున్న వీడియో చూపించాక ఇంకేం మాట్లాడలేదు.

అందుకే చెప్తున్నా, డబ్బా పారేయకండి. లేబుల్ ఫోటో తీయండి: తయారుచేసిన లేదా దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు, అడ్రసు, దిగుమతి సరుకైతే ఏ దేశంలో తయారైంది, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ నంబరు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఇవన్నీ ఉండాలి. లేకపోతే అదే ఇంకో కంప్లైంట్. తర్వాత సామాను మొత్తం కనిపించేలా ఒక ఫోటో, చెడిన చోటు దగ్గరగా పక్కన స్కేలో రూపాయి బిళ్ళో పెట్టి ఒకటి, కదిలే భాగమైతే వీడియో. వీడియో కోసం బిడ్డని మళ్ళీ అందులో కూర్చోబెట్టే మహానుభావులు కూడా ఉంటారు. వద్దు, బియ్యం మూట పెట్టండి.

బిల్లు లేదా? ఫోన్‌పేలోనో బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనో డబ్బు కట్టిన ఆధారం తీసి పెట్టుకోండి. అసలు బిల్లు ఇవ్వకపోవడమే చట్టం దృష్టిలో తప్పుడు వ్యాపారం. బారసాలకో పుట్టినరోజుకో ఎవరో ఇచ్చిన గిఫ్టు అయినా భయం లేదు, కొన్నవాళ్ళ అనుమతితో వాడుకుంటున్న మీరు కూడా వినియోగదారులే. కొన్నవాళ్ళకి ఫోన్ చేసి ఎక్కడ కొన్నారో అడగడమే కాస్త ఇబ్బంది, "మేమిచ్చింది బాగోలేదంటావా" అని చిన్నబుచ్చుకుంటారు. మెల్లగా చెప్పండి, వాళ్ళ మీద కాదని.

బొమ్మలైతే ఐఎస్ఐ గుర్తు చూడండి. కేంద్రం ఇచ్చిన బొమ్మల నాణ్యత ఆర్డరు ప్రకారం 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకి అది తప్పనిసరి. పాలసీసాలకి అంతకుముందు నుంచే ఉంది. గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది, ఆ గుర్తు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్సు ఎవరిదో, నడుస్తోందో లేదో చెప్తుంది. నంబరు వేరే కంపెనీదని తేలితే ఆ స్క్రీన్‌షాట్ ఒక్కటి చాలు, షాపులో గొంతు పెంచాల్సిన పనే ఉండదు. అలాగని కొండపల్లి బొమ్మకి ఐఎస్ఐ ఏదని అక్కడి కళాకారులతో పేచీ పెట్టుకోకండి, జీఐ (ఆ ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు ఉన్నవాటికి ఆ ఆర్డరులో మినహాయింపు ఉంది. అవి షోకేసులో పెట్టుకునేవి, పసిపిల్లల నోట్లోకి ఇచ్చేవి కావు.

ఇక వెళ్ళేటప్పుడు. ఆదివారం సాయంత్రం బీసెంట్ రోడ్డు జనంలో వెళ్తే మీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు, మామూలు రోజు పొద్దున, ఓనరు ఉండే టైము కనుక్కుని వెళ్ళండి. ఎండాకాలమైతే బిడ్డని తీసుకెళ్ళొద్దు, జాలి పడతారనుకుంటే పొరపాటు, త్వరగా వెళ్ళిపోవాలని మీకే తొందర పుడుతుంది. ఒక తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసుకుని రెండు కాపీలు పట్టుకెళ్ళండి: ఏం కొన్నాం, ఎప్పుడు, ఎంతకి, ఏం జరిగింది, షాపువాళ్ళు ఏం చేయాలి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద సంతకం, తేదీ వేయించుకోండి. సంతకం పెట్టనంటే, ఆ కౌంటర్ దగ్గరే నిలబడి దాని ఫోటో షాపు వాట్సాప్ నంబరుకి పంపండి. రెండు నీలం టిక్కులు పడితే అదీ ఆధారమే.

సేల్స్ కుర్రాడి మీద అరవకండి, నిర్ణయం వాడి చేతిలో ఉండదు. "బాబూ, ఓనరు గారితో మాట్లాడాలి" అంటే సరిపోతుంది. ఓనరు బిల్లు వెనక్కి తిప్పి "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న అచ్చు చూపిస్తారు, అది చూసి వెనక్కి వచ్చేయొద్దు. రంగు నచ్చలేదని వెళ్తే ఆ మాట చెల్లుతుందేమో, లోపమున్న సరుకుకి చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు, లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం అనుచిత వ్యాపారం కిందికే వస్తుంది. "కంపెనీ వాళ్ళని అడుక్కోండి, మాకేం సంబంధం" అన్నారనుకోండి, డబ్బా మీద కంపెనీ పేరే లేకపోతే, లేదా ఉన్న అడ్రసుకి నోటీసు అందే దారే లేకపోతే, దానివల్ల జరిగిన హానికి అమ్మినవాళ్ళే బాధ్యులవుతారు. ఊరూపేరూ లేని సరుకు అమ్మే షాపులకి ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయండి.

పీసుని మాత్రం ఊరికే ఇచ్చేయొద్దు. డబ్బు చేతికి వచ్చాకే, అదీ "లోపం వల్ల వాపసు" అని రాయించుకుని ఇవ్వండి. బిడ్డకి దెబ్బ తగిలి ఉంటే అసలు ఇవ్వనే వద్దు, రేపు కేసు వేస్తే అదే సాక్ష్యం. దెబ్బ చిన్నదే అనిపించినా డాక్టరుకి చూపించి, గుంటూరు జీజీహెచ్ అయినా మీ వీధిలో క్లినిక్ అయినా, ఓపీ చీటీలో ఎలా తగిలిందో రాయమని అడగండి. బొమ్మలోని బిళ్ళ బ్యాటరీ మింగిందని అనుమానం వస్తే కంప్లైంటు, ఫోటోలు అన్నీ తర్వాత. రెండు గంటల్లోనే లోపల గొంతు కాలిపోవచ్చు, కక్కించే ప్రయత్నాలు చేయకుండా నేరుగా పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

వాకర్ గురించి నా మాట వేరే. చక్రం విరిగితే ఇంకో వాకర్ మార్చుకోకండి, డబ్బులే అడగండి. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. నడక త్వరగా వస్తుందన్నది అపోహ, మన ఇళ్ళల్లో గడపలు, మెట్లు, అందేంత ఎత్తులో గ్యాస్ స్టవ్ గొట్టం, ఇంక చెప్పేదేముంది.

ఆన్‌లైన్లో కొన్నదైతే "నో రిటర్న్" అని ఉన్నా లోపమున్నది వెనక్కి తీసుకోవాల్సిందే. ఆ సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరు 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. రివ్యూ రాస్తే జరిగింది మాత్రమే రాయండి, "దొంగలు, మోసగాళ్ళు" అని రాస్తే రేపు మీకే నోటీసు వస్తుంది.

షాపులో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు, డాకెట్ నంబరు (మీ ఫిర్యాదు నంబరు) ఇస్తారు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్ళలోపు కేసు వేయాలి, చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, హైదరాబాదులో కొన్నదైనా మీరుండే విజయవాడలోనో గుంటూరులోనో వేయొచ్చు, వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లో కూర్చునీ వేయొచ్చు. ఇది మీ నష్టానికి. మిగతా పీసులు ర్యాకు మీదే ఉన్నాయే, వాటికి ఇంకో దారి ఉంది: ప్రమాదకరమైన సరుకు గురించి జిల్లా కలెక్టరుకి కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు కదా, ఫోటోలు జతచేసి ఇవ్వండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి అలాంటి సరుకుని మార్కెట్ నుంచి వెనక్కి రప్పించే అధికారం ఉంది.

అంతా తేలాక పీసు మీ దగ్గరే మిగిలితే పాత సామాన్లవాడికి అలాగే వేసేయకండి, పనమ్మాయికి "వాడుకో" అని ఇవ్వడం అసలే వద్దు. గుడ్డ కోసేసి, పిన్ను పీకేసి, గొట్టాలు విడివిడిగా ఇనప తుక్కులో వేయండి.