వానలు ఉండగానే తూములు మూయండి: పీట్ నేలల తోటలకు వేసవి జాగ్రత్తలు

2025 జూలైలో ఇండొనేషియాకు చెందిన సుమత్రా దీవిలోని రియావ్ ప్రాంతంలో పీట్ నేలలు మళ్లీ అంటుకున్నాయి. పొగ సముద్రం దాటి మలేషియా ఊళ్ల మీద కమ్ముకుంది. ఆ రెండు దేశాల ఆయిల్ పామ్ తోటల్లో పనిచేస్తున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చెత్త తగలబెట్టవద్దని ప్రతి తోట గేటు దగ్గరా బోర్డు ఉంటుంది కాబట్టి దాని జోలికి పోను.

ముందు నీరు

పీట్ అంటే వేల ఏళ్లుగా నీట మునిగి, సగమే కుళ్లి పేరుకున్న వేళ్లూ కొమ్మలూ ఆకులూ. నీరు నిలిచి ఉన్నంతకాలం గాలి లోపలికి చొరబడదు, కర్బనం కదలదు. నీరు తీసేస్తే కుళ్లు మొదలవుతుంది. ఆయిల్ పామ్ కోసం నీరు తీసిన ఉష్ణమండల పీట్ నేలకు ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం) వేసిన లెక్క ఏడాదికి హెక్టారుకు 11 టన్నుల కర్బనం, అంటే దాదాపు 40 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఇది నిప్పు రవ్వ పడకుండానే పోయేది. నేల కుంగి, వేళ్లు తేలి, చెట్లు ఒరిగిపోవడం ఈ కుళ్లు వల్లనే.

నేను చూసిన నష్టాల వెనుక ఉన్న తప్పు ఒక్కటే: వానాకాలంలో ముంపు పోవడానికి తెరిచిన తూములను అలాగే వదిలేయడం. గోదావరి డెల్టాలో పెరిగినవాళ్లకు మురుగు ఎంత తొందరగా పోతే అంత మేలు. ఇక్కడ ఆ అలవాటు తోటనే తినేస్తుంది. ఎండలు ముదిరాక మూద్దామనుకుంటే అప్పటికి ఆపడానికి నీరే ఉండదు. పైగా బాగా ఎండిన పీట్ మళ్లీ వాన పడినా మునుపటిలా నీరు పీల్చుకోదు.

ఇండొనేషియాలోని మధ్య కలిమంతన్‌లో 1996 ప్రాంతంలో వరి కోసం దాదాపు 10 లక్షల హెక్టార్ల పథకం చేపట్టి 4,000 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. వరి పండలేదు. 1997లో అక్కడ వానలు తగ్గించే ఎల్ నినో వచ్చేసరికి ఎండిన ఆ నేల తగలబడింది. 2015లో ఇండొనేషియా మొత్తంమీద 26 లక్షల హెక్టార్లు కాలినప్పుడూ ఆ ప్రాంతం తప్పించుకోలేదు.

కొలత

ఇండొనేషియా నిబంధన ప్రకారం పీట్ తోటల్లో నీటిమట్టం నేల పైనుంచి 40 సెంటీమీటర్లకు మించి దిగకూడదు. కాలువలో చూసి తృప్తి పడవద్దు. రెండు కాలువల నడుమ, తోట మధ్యలో చిల్లుల పైపు దింపి కొలవండి. పైపు అడుగు పీట్ కింది గట్టి నేలలో దిగాలి, లేకపోతే నేలతోపాటు పైపూ కుంగి తప్పుడు లెక్క చూపిస్తుంది.

మిగతావి వరసగా చెబుతాను.

– ఒక్క పెద్ద కట్టను నమ్ముకోవద్దు. పీట్ గుల్ల నేల, నీరు ఎక్కువ ఎత్తున నిలిస్తే కట్ట పక్కనుంచీ కిందనుంచీ దారి చేసుకుంటుంది. కాలువ పొడవునా చిన్న కట్టలు వేయండి.
– ప్రతి కట్టకూ పొర్లుదారి వదలండి.
– వేసవిలో కాలువ లోతు చేయవద్దు.
– చెట్ల మధ్య నేలను గీకి బోసి చేయవద్దు. నీడ పోతే పైపొర ముందు ఎండుతుంది.
– తూము మూశారా? ఈరోజే చూడండి. చివరి పెద్ద వానలు పడుతుండగానే మూయాలి.
– మంట ఆరిందంటే నమ్మవద్దు. లోపల వారాల తరబడి రాజుకుంటూ పక్కకు పాకి, దూరంగా పైకి లేస్తుంది. నీరు నేల లోపలికి దిగేలా పొడుగు గొట్టంతో పట్టాలి.
– కాలిన చోట కాలు పెట్టవద్దు. పైపొర కింద నిప్పుల గొయ్యి ఉండవచ్చు.
– మూతికి గుడ్డ చాలదు. ఎన్95 మాస్కు పెట్టుకోండి.
– పడవల కోసమని కట్ట తెంచనివ్వవద్దు. పడవ లాగే దారి వేరుగా ఇవ్వండి.
– మళ్లీ చెబుతున్నాను, తూములు. అన్నీ. చివరిదాకా నడిచి చూడండి.
– పక్క తోట తూము తెరిచి ఉంటే మీ నీరూ అటే పోతుంది. ఈ వారమే వెళ్లి వాళ్లతో మాట్లాడండి.