క్యూజీఐఎస్‌లో స్పేస్‌బార్ పట్టుకుని చూడండి

మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో బెంగళూరు చెరువుల మ్యాపు గీస్తూ మొన్న బెళ్లందూరు నుంచి వర్తూరు దాకా రాజకాలువ (చెరువులను కలిపే పెద్ద కాలువ) వెంట పోతున్నాను. నాలుగు చుక్కలు పెట్టేసరికి కాలువ తెర అంచు దాటిపోతుంది. చేతి గుర్తు నొక్కి మ్యాపు జరపడం, మళ్లీ గీసే పనిముట్టు తీసుకోవడం. సగం పొద్దు ఇలాగే గడిచింది.

ఇంత అవసరమే లేదు. గీస్తూ గీస్తూనే స్పేస్‌బార్ నొక్కిపట్టి మౌస్ కదిపితే చాలు, బటన్ కూడా నొక్కనక్కరలేదు, మ్యాపు దానంతట అదే జరుగుతుంది. వదిలేయగానే ఆగిన చోటు నుంచి గీసుకోవచ్చు. పెట్టిన చుక్కలు చెక్కుచెదరవు.

మౌస్ చక్రం తిప్పితే మ్యాపు ఒక్క గెంతులో రెట్టింపవుతుంది. గట్టు ఎక్కడ, నీరు ఎక్కడ అని తేల్చుకోవాల్సిన చోట అంత గెంతు పనికిరాదు. కంట్రోల్ మీట పట్టుకుని తిప్పండి, కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఈ ఒక్కటి ముందే తెలిసుంటే నా వర్తూరు గట్టు అంత వంకరగా వచ్చేది కాదు!

ఎక్కడో తెల్లటి శూన్యంలోకి పోయారా? మీరు గీస్తున్న పొర (లేయర్) పేరు మీద కుడి క్లిక్ చేసి ‘జూమ్ టు లేయర్’ ఎంచుకోండి. రోజూ తిరిగొచ్చే చెరువైతే కంట్రోల్, బి కలిపి నొక్కి బుక్‌మార్క్ పెట్టుకోండి.