విదేశీ జైల్లో మనవాళ్లుంటే జెనీవాకు అర్జీ పెట్టేదెలా

పోస్టు రాసినందుకో మీటింగులో మాట్లాడినందుకో వేరే దేశంలో మీవాళ్లని లోపలేస్తే, ముందు అక్కడి కోర్టులన్నీ తిరిగాకే అంతర్జాతీయ సంస్థల దగ్గరికి వెళ్లాలని చెప్పేవాళ్లు చాలామంది కనిపిస్తారు. సగమే నిజం. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేయాలంటే ఆ దేశం పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికతో పాటు దాని మొదటి ప్రోటోకాల్‌ (అనుబంధ ఒప్పందం)లోనూ చేరి ఉండాలి, స్థానిక కోర్టుల దారి కూడా అయిపోయి ఉండాలి. కానీ జెనీవాలోనే, 1991లో పెట్టిన వర్కింగ్ గ్రూప్ ఆన్ ఆర్బిట్రరీ డిటెన్షన్ ఉంది, అక్రమ నిర్బంధాల కేసులు చూసే ఐక్యరాజ్యసమితి బృందం, ఐదుగురు నిపుణులు. దానికి ఈ షరతులేవీ లేవు. సౌదీ, యూఏఈ ఆ ఒడంబడికలో చేరకపోయినా వాటి మీద అర్జీలు తీసుకుంటుంది, ఫీజు లేదు, లాయరు ఉంటే మంచిదేగానీ తప్పనిసరి కాదు.

దానికన్నా ముందు ఎంబసీ. 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, పట్టుబడిన విదేశీయుడు అడిగితే వాళ్ల కాన్సులేట్‌కి ఆలస్యం లేకుండా కబురు చెప్పాలి. ఫోన్లు చేయండి, కానీ ప్రతి ఫోన్ తర్వాత అదే విషయం మెయిల్లో పెట్టండి, రేపు మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే. రెండు దేశాల పౌరసత్వం ఉంటే మాత్రం కష్టం, 'వీడు మావాడే, మీకేం పని' అంటుంది లోపలేసిన దేశం. ఈజిప్టు రచయిత, ఉద్యమకారుడు అలా అబ్దుల్ ఫతాకి జైల్లో ఉండగానే బ్రిటిష్ పౌరసత్వం వచ్చినా, బ్రిటిష్ దౌత్యవేత్తల్ని కలవనివ్వలేదు.

ఇక అర్జీ. ఆవేశంగా పది పేజీలు రాయకండి, తారీఖులు రాయండి. ఎప్పుడు, ఎవరు పట్టుకెళ్లారు, వారంట్ చూపించారా, జడ్జి ముందుకి ఎన్నాళ్లకి తెచ్చారు, లాయర్ని ఎప్పుడు కలవనిచ్చారు, ఏ సెక్షన్లు. అబ్దుల్ ఫతా విషయంలో గొడవంతా తారీఖుల మీదే నడిచింది: 2019 సెప్టెంబరులో అరెస్టు, ఫేస్‌బుక్ పోస్టు షేర్ చేసినందుకు 2021 డిసెంబరులో ఐదేళ్ల శిక్ష. 2024 సెప్టెంబరుకి ఐదేళ్లూ నిండాయి కదా అంటే, శిక్షకి ముందు జైల్లో గడిపిన రెండేళ్ల పైచిలుకు కాలాన్ని లెక్కలోకి తీసుకోం అన్నారు ఈజిప్టు అధికారులు! లెక్కల ప్రొఫెసరైన అతని తల్లి లైలా సూయిఫ్ అప్పుడే నిరాహార దీక్షకి కూర్చున్నారు.

గ్రూప్ ఐదు రకాల అక్రమ నిర్బంధాల్ని గుర్తిస్తుంది. చట్టపరమైన ఆధారమే లేకపోవడం, భావప్రకటన లాంటి హక్కు వాడుకున్నందుకు పట్టుకోవడం, విచారణ సరిగా జరగకపోవడం, శరణార్థుల్ని, వలస వచ్చినవాళ్లని దీర్ఘకాలం ఉంచేయడం, వివక్షతో పట్టుకోవడం. మీ తారీఖుల్లో ఏది దేని కిందకొస్తుందో చెప్పండి. ఉద్యమకారుల కేసుల్లో రెండోది, మూడోది మామూలుగా కలిసే వస్తాయి. ఇంగ్లీషు, ఫ్రెంచ్, స్పానిష్‌లలో దేంట్లోనైనా రాయొచ్చు.

లోపల ఉన్న మనిషి లేదా కుటుంబం ఒప్పుకోకుండా మాత్రం పంపొద్దు. మీ పేరు గోప్యంగా ఉంచుతారు, కానీ ఆ ప్రభుత్వానికి ఖైదీ వివరాలు వెళ్తాయి, కక్ష తీర్చుకునేది అతని మీదే.

ప్రాణానికో ఆరోగ్యానికో ప్రమాదం ఉంటే అత్యవసర విజ్ఞప్తి (ప్రభుత్వానికి గ్రూప్ వెంటనే రాసే లేఖ) విడిగా అడగండి. మామూలు దారిలో ప్రభుత్వానికి 60 రోజులు ఇస్తారు, కావాలంటే ఇంకో నెల. వాళ్ల జవాబు మీకు వస్తుంది, దానికి మీరు పాయింటు పాయింటుకీ బదులివ్వాలి. వాళ్లు నోరు మెదపకపోయినా గ్రూప్ తీర్పు చెప్పేస్తుంది.

బలవంతంగా అమలు చేయించే అధికారం దానికి లేదు, ఈ విషయం మీ ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. అబ్దుల్ ఫతా నిర్బంధం అక్రమమని 2025 మేలో తేల్చారు, వెంటనే వదలమన్నారు, వదల్లేదు. సెప్టెంబరులో క్షమాభిక్షతో బయటికొచ్చాడు, ఆ మధ్యలో తల్లి దీక్ష, బ్రిటిష్ ప్రభుత్వం మీద ఒత్తిడి చాలా నడిచాయి. కాబట్టి గ్రూప్ ఇచ్చిన తీర్పు కాగితాన్ని మీ ఎంపీకి, విదేశాంగ శాఖకి, పత్రికలకి పట్టుకెళ్లండి. ఆరు నెలల్లోపు ఏం చేశారో చెప్పమని గ్రూప్ ప్రభుత్వాన్ని అడుగుతుంది, మిమ్మల్నీ అడుగుతుంది, వదల్లేదంటే వదల్లేదని తారీఖుతో సహా రాసి పంపండి.