సామాను దించే చోటును ముందే గీయించండి
కడప, అనంతపురం వైపు ఇల్లు కట్టించేవారు బేల్దారి (తాపీ మేస్త్రి) కూలి పెరిగిందని బాధపడతారు గాని, అతడు ఇటుక కోసమో మాలు (సిమెంటు, ఇసుక నీళ్లతో కలిపిన ముద్ద) కోసమో ఊరికే నిలబడిన గంటలను లెక్కించరు. ట్రాక్టరు రాకముందే సామాను దించవలసిన చోట్లను సున్నంతో గీయించి, ఇసుకను మాలు కలిపే చోటి పక్కనే పోయించి, ఇటుకలను ఆ రోజు లేచే గోడ వెంబడి మనిషి నిలబడే దారి వదిలి పేర్పించి, పని మొదలు కాకముందే బాగా తడిపిస్తే, ఉదయం తాపీ ఆగకుండా నడుస్తుంది. ఒకసారి ఇటుకలను గేటు ముందే దింపించి, మరునాడు ఇద్దరు కూలీలతో పూటంతా వాటినే మోయించిన తప్పు నేనూ చేశాను. ఆ పూట గోడ ఒక్క వరుస కూడా లేవలేదు. 50 కిలోల సిమెంటు బస్తాలను గోడకు అడుగు దూరంలో, చెక్కల మీద, 10 వరుసలకు మించకుండా పేర్చి, ముందు వచ్చినవాటిని ముందు వాడాలి. మన ఎండలకు మాలు త్వరగా బిగుసుకుంటుంది కనుక, అరగంటలో వాడగలిగినంత మాత్రమే కలిపించండి.